కంపెనీ బాధ్యత కొత్తగా చేతికొచ్చిందా? మొదటి ఆరు నెలలు ఏ వరుసలో ఏం చేయాలి

"నాన్నగారికి ఒంట్లో బాగుండడం లేదు. వచ్చే నెల నుంచి కంపెనీ నేనే చూసుకోవాలి. ముందు ఏం నేర్చుకోమంటారు?" ఏడాదికి పదిమందైనా నన్ను ఈ ప్రశ్న వేస్తారు. భాగస్వామి తప్పుకోవడంతో పగ్గాలు పట్టినవారు కొందరు. సొంతంగా మొదలుపెట్టిన కంపెనీ నలభై మందికి పెరిగేసరికి కంగారుపడుతున్నవారు మరికొందరు.

అందరూ ముందుగా అడిగేది లక్షణాల జాబితా. ధైర్యం, దూరదృష్టి, ఓర్పు, మాటకారితనం అని ఎవరైనా రాసివ్వగలరు. హైదరాబాద్ బాలానగర్‌లో మిషన్ల మీద లోహపు విడిభాగాలు చేసే షాపు నడిపిన ఇన్నేళ్లలో నేను నమ్మిన కొలత ఒక్కటే: చెడు కబురు పుట్టిన చోటి నుంచి యజమాని చెవికి ఎన్ని గంటల్లో చేరుతుంది? ఓర్పు అక్కరకొచ్చేది ఆ గంటలు తగ్గించడానికే. లెక్కల మీద పట్టు, పని అప్పగించే నేర్పు, మాట మీద నిలబడడం కూడా అందుకే. కింద రాసిన వరుసంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

20 నుంచి 100 మంది వరకు పనిచేసే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీని మనసులో పెట్టుకుని రాశాను. మీది సాఫ్ట్‌వేర్ అయినా, పచ్చళ్ల తయారీ అయినా వరుస పెద్దగా మారదు.

1. సంతకం పెట్టే ముందు: వారం రోజుల సన్నాహం

కుర్చీ మారగానే సంతకం మారుతుంది. ఏ సంతకంతో ఏ బరువు నెత్తికెక్కుతుందో ముందే తెలుసుకోండి.

"లిమిటెడ్ కంపెనీయే కదా, నా సొంత ఆస్తికి ఏమీ కాదు" అన్నది సగమే నిజం. బ్యాంకు అప్పుకు మీరు వ్యక్తిగత హామీ ఇస్తే మీ ఇల్లూ లెక్కలోకి వస్తుంది. మీరు సంతకం చేసిన కంపెనీ చెక్కు డబ్బు లేక వెనక్కి వస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138, 141 సెక్షన్ల కింద కంపెనీతో పాటు మీ మీదా కేసు నడుస్తుంది. ప్రైవేటు కంపెనీ నుంచి ఆదాయపు పన్ను బకాయి రాబట్టలేనప్పుడు, తన వైపు నిర్లక్ష్యం లేదని చూపించుకోలేని డైరెక్టరు నుంచి వసూలు చేసే అధికారం ఆ శాఖకు ఉంది. ఉద్యోగుల జీతంలోంచి కోసిన భవిష్య నిధి (పీఎఫ్) సొమ్మును కట్టకుండా వాడుకుంటే అది నమ్మకద్రోహం కింద నేరం.

కంపెనీల చట్టం 2013లోని 166వ సెక్షను చదవండి. ఒక పేజీ కూడా ఉండదు. డైరెక్టరు కంపెనీ మేలు కోరి పనిచేయాలని, తగిన జాగ్రత్తతో సొంత ఆలోచనతో నిర్ణయించాలని, తన సొంత లాభానికీ కంపెనీ లాభానికీ పొత్తు కుదరని చోట ఇరుక్కోకూడదని చెబుతుంది. నాయకత్వ లక్షణాల గురించి నేను చదివిన వాటిలో ఇంత సూటిగా రాసినది మరొకటి లేదు.

ఆ వారంలో బల్ల మీదికి తెప్పించుకోవలసిన కాగితాలు:

☐ బ్యాంకు మంజూరు పత్రాలు, తాకట్టు ఆస్తుల జాబితా, ఎవరెవరు హామీ ఉన్నారో ఆ పత్రాలు
☐ రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు. ఎన్ని రోజులుగా నిలిచి ఉన్నాయో విడివిడిగా
☐ జీఎస్టీ, టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను), పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) చలానాలు, కనీసం 12 నెలలవి
☐ నడుస్తున్న కేసులు, వచ్చిన నోటీసులు, జవాబివ్వనివి వేరుగా
☐ అద్దె ఒప్పందం, బీమా పాలసీలు, లైసెన్సులు, వాటి గడువు తేదీలు
☐ ఉద్యోగుల జాబితా: చేరిన తేదీ, మూల వేతనం, తీసుకున్న అడ్వాన్సులు

చివరి కాగితం నుంచి ఒక అంకె తీయండి. ఏళ్ల తరబడి పనిచేసిన ఉద్యోగి వెళ్లేటప్పుడు ఇవ్వవలసిన గ్రాట్యుటీ లెక్క ఇది: చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, మళ్లీ సర్వీసు ఏళ్లతో గుణించాలి. 18,000 వేతనంతో పదేళ్లు పనిచేసినవారికి 1,03,846 రూపాయలు వస్తుంది. అలాంటివారు పన్నెండు మంది ఉంటే పన్నెండు లక్షలు దాటింది. చిన్న కంపెనీల్లో ఈ అప్పు ఏ పుస్తకంలోనూ కనిపించదు. పాతవారు ఇద్దరు ఒకేసారి మానేసిన నెలలో మాత్రం కనిపిస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో (లేబర్ కోడ్‌లలో) వేతనం అన్న మాటకు నిర్వచనం మారింది కాబట్టి, ఏ మొత్తం మీద లెక్క కట్టాలో మీ చార్టర్డ్ అకౌంటెంటును అడిగి రాసి పెట్టుకోండి.

2. మీరు తప్పించుకుంటున్న పని ఏదో కనిపెట్టండి

ప్రతి యజమానికీ ఇష్టమైన మూల ఒకటి ఉంటుంది. ఇంజినీరింగ్ చదివినవారు మిషన్ల దగ్గర గంటలు గడుపుతారు, వసూలు ఫోను చేయమంటే రేపంటారు. అమ్మకాల నుంచి వచ్చినవారు కొనుగోలుదారుతో భోజనానికి వెళ్తారు గానీ స్టోర్సులో అడుగు పెట్టరు.

రెండు వారాల పాటు ప్రతి సాయంత్రం ఆ రోజు ఏ పనికి ఎంతసేపు పట్టిందో ఒక చిన్న పుస్తకంలో రాయండి. రెండు వారాల్లో ఒక్కసారి కూడా కనిపించని పని ఏదో చూడండి. మీరు నేర్చుకోవలసింది అదే. శిక్షణ తరగతికి డబ్బు కట్టే ముందు ఈ పుస్తకం చూసుకోండి.

తర్వాత, మీతో నిర్మొహమాటంగా మాట్లాడగలిగే ముగ్గురిని విడివిడిగా కలవండి. కంపెనీలో ఒకరు, బయట ఒకరు, ఇంట్లో ఒకరు. "నేను ఎలా ఉన్నాను?" అని అడిగితే "బాగున్నారు" అంటారు. ఇలా అడగండి: "గత నెలలో నాకు చెప్పాలనుకుని మానుకున్న విషయం ఏదైనా ఉందా?" ఆ తర్వాత కాస్త మౌనంగా ఉండండి. జవాబు వచ్చాక సమర్థించుకోకుండా రాసుకుని లేవండి.

3. మొదటి నెల: వినడం, రాసుకోవడం, మాట ఇవ్వకపోవడం

రోజుకు ఇద్దరితో, ఒక్కొక్కరితో అరగంట. నలభై మంది ఉంటే నెల రోజుల్లో పూర్తవుతుంది. మీ గదికి పిలవకండి. లేత్ దగ్గర పనిచేసే మనిషిని లేత్ దగ్గరే కలవండి. గదికి పిలిస్తే "ఏం తప్పు చేశానో" అనుకుంటూ వస్తారు.

మూడు ప్రశ్నలు చాలు:

☐ మీ పనికి రోజూ అడ్డుపడేది ఏమిటి?
☐ మీరు చెప్పినా ఎవరూ పట్టించుకోనిది ఏమిటి?
☐ నేను వచ్చానని ఏది మార్చకూడదు?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు విలువైనవి. మా దగ్గర ఒకతను "టీ పదకొండింటికే రావాలి" అన్నాడు. నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, మిషన్లు చల్లారేందుకు వాళ్లు వాడుకునే సమయం అదేనని.

ఈ నెలలో జరిగే పెద్ద తప్పు హామీలివ్వడం. "చూద్దాం" అన్నా సరే, వినేవాడికి అది "చేస్తాను" లాగే వినిపిస్తుంది. కాబట్టి "విన్నాను, రాసుకున్నాను, నెలాఖరుకు ఏది చేయగలనో ఏది చేయలేనో చెబుతాను" అనండి. నెలాఖరున తప్పకుండా చెప్పండి, చేయలేనివి ముందు. అలా చెప్పకపోతే ఈ నెలంతా వృథా.

4. చెడు కబురు నడిచి వచ్చే దారి వేయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి.

నేను చేసిన తప్పు చెబుతాను. ఒక కొనుగోలుదారు దగ్గర నుంచి 400 బుష్‌లు (ఇరుసుకు తొడిగే చిన్న గొట్టం లాంటి భాగాలు) వెనక్కి వచ్చాయి. లోపలి వ్యాసం కొలత తప్పింది. ఆ తిరుగు సరుకు చలానా పట్టుకుని మా స్టోర్‌కీపరు గదిలోకి వచ్చేసరికి ఇద్దరు బయటివాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే ఆయన మీద అరిచాను. తప్పు ఆయనది కాదు. కాగితం తెచ్చిన మనిషి, అంతే.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు తిరుగు సరుకు కాగితం ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు. పనితనం మెరుగుపడిందని సంబరపడ్డాను. కంప్రెసర్ మార్చవలసి వచ్చి, దాని వెనక గోడవారగా కప్పి ఉన్న టార్పాలిన్ ఎత్తితే పదకొండు పెట్టెలు కనిపించాయి. ప్రతి పెట్టె మీద తేదీ, చలానా నంబరు సుద్దముక్కతో శుభ్రంగా రాసి ఉన్నాయి. ఆయన దాచలేదు, చెప్పలేదంతే. కొనుగోలుదారు ఆ సరుకు విలువను మా బిల్లుల్లోంచి కోసుకుంటూ పోయాడు. మా అకౌంటెంటు దాన్ని "తేడా" అన్న పద్దు కింద రాసుకుంటూ పోయాడు. పెట్టెల్లో సగం సరుకు మళ్లీ మిషను ఎక్కిస్తే పనికొచ్చేదే. అప్పటికి గడువు దాటిపోయింది.

ఒక అరుపు ఖరీదు పదకొండు పెట్టెలు. అందుకే ఈ వరుస పాటించండి:

మొదటిది, కబురు విన్నప్పుడు నోటి నుంచి వచ్చే మొదటి మాటను ముందే సిద్ధం చేసుకోండి. నాది ఇది: "చెప్పినందుకు మంచిది. నష్టం తగ్గించడానికి ఈ పూట ఏం చేయవచ్చు?" ఎవరు చేశారన్న ప్రశ్న మర్నాటికి వాయిదా వేయండి.

రెండోది, పొరపాటును, దాపరికాన్ని వేరు చేయండి. పొరపాటుకు శిక్ష లేదు, కారణం వెతకడమే ఉంటుంది. తెలిసి దాచితే తప్పకుండా చర్య ఉంటుంది. అందరి ముందూ ఒకసారి చెప్పండి, గోడ మీద రాయండి, ఆ తర్వాత మీ బంధువు దాచినా అదే పని చేయండి.

మూడోది, సోమవారం సమావేశంలో మొదటి అంశం "పోయిన వారం ఏం చెడింది". ముందుగా మీరే మీ పొరపాటు ఒకటి చెప్పండి. మొదటి రెండు వారాలు ఇంకెవరూ నోరు విప్పరు. మూడో వారం ఎవరో ఒకరు చిన్నదొకటి చెబుతారు. ఆ క్షణంలో మీ ముఖం ఎలా ఉందో పదిమంది చూస్తారు.

నాలుగోది, లెక్క పెట్టండి. ఈ నెలలో తెలిసిన చెడు కబుర్లలో మీ మనుషులు చెప్పినవి ఎన్ని, కొనుగోలుదారో బ్యాంకో చెబితే తెలిసినవి ఎన్ని? రెండో అంకె నెలనెలా తగ్గాలి.

పైనుంచి కిందికి కూడా ఇదే వర్తిస్తుంది. 2009 జనవరి 7న హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. అసలు లాభానికీ చూపిన లాభానికీ మధ్య తేడా మొదట్లో కొద్దిగానే ఉండేదని, ఏళ్ల తరబడి పెరుగుతూ పోయిందని అదే లేఖలో ఉంది. మన స్థాయిలో అది "ఈ నెల బ్యాంకుకు ఇచ్చే స్టాకు పత్రంలో రెండు లక్షలు ఎక్కువ వేద్దాం" అన్న మాటతో మొదలవుతుంది. ఆ మాట అనేది చాలాసార్లు మంచి మనిషే, మనకు సాయం చేద్దామనే అంటాడు. మొదటి నెలలోనే వద్దనండి.

5. రొక్కం లెక్క: వారానికి ఒక గంట మీరే కూర్చోండి

పుస్తకాల్లో లాభం ఉన్న కంపెనీలు కూడా జీతాలివ్వలేక మూతపడతాయి. సరుకు ఇచ్చిన 60 రోజులకు డబ్బు వస్తుంది, ముడిసరుకుకు ముందే కట్టాలి. పెద్ద ఆర్డరు వచ్చిందంటే ముందు మన జేబు ఖాళీ అవుతుంది.

పదమూడు వారాల కాగితం వేయండి. ప్రతి వారానికీ చేతిలో ఉన్నది, రావలసింది, పోవలసింది, మిగిలేది. లక్షల్లో ఒక నమూనా:

మొదటి వారం: 9 + 4 – 5 = 8
రెండో వారం (జీతాలు, టీడీఎస్): 8 + 2 – 7 = 3
మూడో వారం (పీఎఫ్, ఈఎస్‌ఐ, ముడిసరుకు): 3 + 3 – 5 = 1
నాలుగో వారం (జీఎస్టీ, బ్యాంకు కిస్తీ): 1 + 6 – 8 = లోటు 1

లోటు నెల రోజుల ముందే కనిపించింది. ఇప్పుడు వసూలుకు ఫోను చేయవచ్చు, ముడిసరుకు సగమే తెప్పించవచ్చు, బ్యాంకుకు ముందుగా చెప్పవచ్చు. జీఎస్టీ గడువుకు ముందురోజు, 19వ తేదీ సాయంత్రం కనిపెడితే వీటిలో ఏదీ కుదరదు.

"రావలసింది" గడిలో కొనుగోలుదారు ఇస్తానన్న తేదీ రాయకండి. పోయిన మూడు బిల్లులకు నిజంగా ఎన్ని రోజులకు ఇచ్చాడో చూసి ఆ తేదీ రాయండి.

నెలలో దాటకూడని తేదీలు (నెలవారీ రిటర్నులు వేసేవారికి):

☐ 7: జీతాలు, టీడీఎస్ (మార్చి నెల టీడీఎస్‌కు ఏప్రిల్ 30)
☐ 11: జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను)
☐ 15: పీఎఫ్, ఈఎస్‌ఐ
☐ 20: జీఎస్‌టీఆర్-3బి (లెక్క చూపి పన్ను కట్టే జీఎస్టీ రిటర్ను)

జీతం తేదీ మీ స్వభావానికి పరీక్ష. ఇవ్వలేని నెల వస్తే 7వ తేదీ ఉదయానికంటే ముందే అందరినీ కూర్చోబెట్టి, ఎంత ఉందో, మిగతాది ఏ తేదీకి ఇస్తారో చెప్పండి. తక్కువ జీతం ఉన్నవారికి ముందు, మీకు అందరికంటే చివర. ఆ రోజు ఫోను తీయకుండా తిరిగిన యజమాని మాటను తర్వాత పదేళ్లు ఎవరూ నమ్మరు.

వసూళ్లకు ఒక ఆయుధం ఉంది, చాలామంది వాడరు. చిన్న సంస్థల నమోదుకు కేంద్రం నడిపే ఉద్యమ్ వెబ్‌సైటులో మీరు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే, రాసుకున్న గడువు ఎంతైనా కొనుగోలుదారు 45 రోజుల లోపు డబ్బివ్వాలి. గడువు రాసుకోకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడిగే హక్కు ఉంది. తయారీ, సేవల సంస్థలకు ఇలా ఆలస్యంగా ఇస్తే, డబ్బిచ్చిన ఏడాదిలోగానీ ఆ ఖర్చును కొనుగోలుదారు పన్ను లెక్కలో చూపించుకోలేడు. కేసు వేయమనడం లేదు, ఆ కొనుగోలుదారు రేపూ కావాలి. ఉద్యమ్ నంబరును బిల్లు మీద అచ్చు వేయించండి, ఫిబ్రవరిలో వాళ్ల అకౌంట్స్ విభాగానికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. మార్చి 31కి ముందు కదలిక వస్తుంది.

6. నిర్ణయాలకు ఒక పుస్తకం పెట్టండి

వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయాలు అదే రోజు చేయండి. షిఫ్టు వేళలు, చిన్న ధర మార్పు, కొత్త సరఫరాదారు దగ్గర నుంచి నమూనా తెప్పించడం లాంటివి. వెనక్కి తీసుకోలేనివాటికి కనీసం రెండు రాత్రులు గడవనివ్వండి: అప్పు, హామీ, భాగస్వామ్యం, స్థలం, పాత ఉద్యోగిని తీసేయడం. చాలామంది తలకిందులుగా చేస్తారు. టీ కప్పుల గురించి వారం చర్చించి, మిషను అప్పు మీద భోజనాల దగ్గర తలూపేస్తారు.

పుస్తకంలో ఒక పద్దు ఇలా ఉంటుంది:

"మార్చి 4. ఇంకో సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే) మిషను కొనాలా? తెలిసినది: ఉన్న రెండూ రెండు షిఫ్టులు నడుస్తున్నాయి, బయట చేయించే పనికి నెలకు 1.6 లక్షలు పోతోంది. అనుకుంటున్నది: ఈ ఆర్డరు రెండేళ్లు ఉంటుంది. నిర్ణయం: కొనడం లేదు, మూడో షిఫ్టు పెట్టి చూస్తాం. మళ్లీ చూసే తేదీ: జూన్ 4."

తెలిసినది, అనుకుంటున్నది అని రెండుగా విడదీయడమే ఇందులో కీలకం. నా పాత పుస్తకాలు తిరగేస్తే, నేను నష్టపోయిన ప్రతిసారీ "అనుకుంటున్నది" గడిలో ఉండవలసిన మాట "తెలిసినది" గడిలో రాసుకుని ఉన్నాను.

డైరెక్టర్ల బోర్డు సమావేశాలను కూడా ఈ పుస్తకంతోనే నడపండి. చట్టం చిన్న కంపెనీగా గుర్తించినవాటికి ఏడాదిలో ప్రతి అర్ధభాగంలో ఒకటి, రెంటి మధ్య కనీసం 90 రోజులు. మిగతావాటికి ఏడాదికి నాలుగు, రెండు సమావేశాల మధ్య 120 రోజులు మించకూడదు. సభ్యులు భార్యాభర్తలే అయినా నిజంగా కూర్చుని మాట్లాడండి. ఆడిటరు గుమస్తా రాసిచ్చిన మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో రాసిన కాగితాలు) మీద మార్చి చివర్లో వరసగా సంతకాలు పెట్టే అలవాటు మానండి. వార్షిక పత్రాలు వరసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టరు ఐదేళ్ల పాటు అనర్హుడవుతాడు.

7. పని అప్పగించండి, తాళంచెవితో సహా

పని ఇచ్చి అధికారం ఇవ్వకపోవడం మన దగ్గర మామూలే. కొనుగోళ్లు చూసే మనిషిని పెడతారు, 800 రూపాయల డ్రిల్ బిట్ కొనడానికి అతను మీ ఫోను కోసం ఎదురుచూస్తాడు. ఈలోగా మిషను ఆగిపోతుంది.

ప్రతి బాధ్యతనూ మూడు గడుల్లో రాసి ఇవ్వండి:

☐ చేసేయండి, చెప్పక్కర్లేదు (ఉదాహరణకు 5,000 వరకు కొనుగోలు)
☐ చేసి, అదే రోజు చెప్పండి (25,000 వరకు)
☐ ముందు అడగండి (అంతకు మించినవి, కొత్త సరఫరాదారు, అడ్వాన్సు చెల్లింపు)

అంకెలు మీ వ్యాపారాన్ని బట్టి మార్చుకోండి. మూడు నెలలకోసారి మొదటి గడిని పెంచండి.

ఇక్కడ యజమానులే చేసే తప్పు, సూపర్‌వైజర్ తల మీదుగా కిందివారికి పని చెప్పడం. మీరు షాపులో నడుస్తూ ఒక మాట అంటారు, ఆ కుర్రాడు చేతిలో పని ఆపి మీ పని మొదలుపెడతాడు, సాయంత్రం సూపర్‌వైజర్ లెక్క తప్పుతుంది. ఏదైనా కనిపిస్తే ఆగి, సూపర్‌వైజర్‌ను పిలిచి ఆయనకే చెప్పండి. ఇది నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

పరీక్ష కావాలంటే మూడు రోజులు ఊరెళ్లండి. ఫోను ఇంట్లోవాళ్లకు ఇచ్చేయండి. తిరిగొచ్చాక ఏ పని ఆగిందో చూస్తే ఏ తాళంచెవి ఇంకా మీ జేబులో ఉందో తెలుస్తుంది.

8. కష్టమైన మాట చెప్పడం

నాన్నగారి కాలం నుంచి ఉన్న అకౌంటెంటు మిమ్మల్ని చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగారు. ఇప్పటికీ "బాబూ" అంటారు. ఆయన పని ఆలస్యమవుతోంది. ఏమీ అనలేక మీరు మూడు నెలలు ఓర్చుకుంటారు, నాలుగో నెల నలుగురిలో పేలిపోతారు. ఓర్చుకోవడం, పేలిపోవడం రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

విడిగా, తలుపు వేసి, ఉదయం పూట, పిలుపు మార్చకుండా చెప్పండి: "బాబాయిగారూ, మూడు నెలలుగా జీఎస్టీ రిటర్ను 20 దాటాక వెళ్తోంది. ఆలస్య రుసుము, వడ్డీ కడుతున్నాం. వచ్చే నెల 18కల్లా నా బల్ల మీద ఉండాలి. దానికి మీకు ఏం కావాలో చెప్పండి."

జరిగినది, దాని వల్ల కలిగిన నష్టం, కావలసినది, ఎప్పటికి. మనిషి గురించి ఒక్క మాట లేదు. "మీకు వయసైపోయింది" అనలేదు, "మీకు తెలియనిదేముంది" అని నీళ్లూ నమలలేదు. చాలాసార్లు జవాబు ఊహించనిదే వస్తుంది. మా విషయంలో కొత్త సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు చిన్నవిగా ఉండి కనబడడం లేదన్నారాయన. పెద్ద తెర కొంటే సరిపోయింది.

బంధువులను ఉద్యోగంలో పెట్టుకునేటప్పుడు, చేరే రోజునే ఎవరికి జవాబు చెప్పాలో కాగితం మీద రాయండి. ఆ పేరు మీది కాకూడదు.

ఎవరినైనా పంపించవలసి వస్తే, రెండుసార్లు రాతపూర్వకంగా చెప్పాకే, నోటీసు నిబంధనల ప్రకారం పంపండి. తీసేసినా, తానే మానేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని ఇప్పటి వేతన స్మృతి చెబుతోంది. చివరి లెక్క కోసం మనిషిని తిప్పించుకుంటే, మిగిలినవారంతా చూస్తూ ఉంటారు.

9. తరచుగా జరిగే తప్పులు, సర్దుబాట్లు

వచ్చీ రాగానే అన్నీ మార్చడం. మొదటి మూడు నెలల్లో మూడు విషయాలే మార్చండి. అందులో ఒకటి పనివాళ్లు అడిగినదై ఉండాలి. మరుగుదొడ్డి బాగుచేయించడంతో మొదలుపెట్టిన ఒక మిత్రుడికి వచ్చిన సహకారం, కొత్త లోగోతో మొదలుపెట్టినవారెవరికీ రాలేదు.

కంపెనీ డబ్బు, ఇంటి డబ్బు కలిసిపోవడం. మీకు ఒక జీతం పెట్టుకోండి. పెళ్లి ఖర్చుకు కంపెనీ ఖాతా నుంచి తీసి తర్వాత సర్దుతామనుకోవద్దు. పన్ను చిక్కు ఒకవైపు, అకౌంటెంటుకు మీ మీద పోయిన గౌరవం ఇంకోవైపు.

ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడడం. సగానికి మించి వ్యాపారం ఒకరి దగ్గరే ఉంటే, వారంలో ఒక పూట కొత్తవారి కోసం కేటాయించండి. ఆ పూట ఇంకో పనికి ఇవ్వకండి.

కోపం. పోదు, నాకూ పోలేదు. వచ్చినప్పుడు గేటు దాకా నడిచి వస్తాను. రాత్రి రాసిన మెయిల్ పొద్దున పంపుతాను. అరిచేసిన రోజున, ఎవరి ముందు అరిచానో వాళ్ల ముందే తప్పు ఒప్పుకుంటాను.

పదిమంది ఉన్నా అంతర్గత కమిటీ లేకపోవడం. మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం పదిమంది లేదా ఎక్కువ పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలంటుంది. "మా దగ్గర ఆడవాళ్లు ఇద్దరే" అన్నది జవాబు కాదు. అధ్యక్షురాలిగా మహిళ, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో ఉండాలి. పేర్లు గోడ మీద పెట్టండి.

10. ఆరో నెలాఖరున చూసుకోవలసినవి

☐ పదమూడు వారాల కాగితం ఒక్క వారం కూడా తప్పలేదు
☐ ఆరు నెలల జీతాలూ 7 లోపే వెళ్లాయి, లేదా ముందే చెప్పి ఆలస్యమయ్యాయి
☐ బయటివాళ్ల నోట తెలిసిన చెడు కబుర్ల సంఖ్య తగ్గింది
☐ నిర్ణయాల పుస్తకంలో కనీసం పది పద్దులు, అందులో మళ్లీ చూసి మార్చినవి రెండైనా ఉన్నాయి
☐ మూడు రోజులు మీరు లేకుండా సరుకు బయటికి వెళ్లింది
☐ మొదటి నెలలో రాసుకున్న జాబితాలో "చేయలేను" అన్నవి కూడా అందరికీ చెప్పారు
☐ అకౌంటెంటును "తేడా", "ఇతరములు", "సస్పెన్స్" (ఎటూ తేలని మొత్తాలు) అన్న పద్దుల్లో ఏముందో ఒక్కొక్కటీ అడిగారు
☐ స్టోర్సు వెనక్కి, కంప్రెసర్ గదిలోకి, మెట్ల కిందికి మీరే వెళ్లి, కప్పి ఉన్నవన్నీ ఎత్తి చూశారు

చివరి రెండూ ఒకే రోజు చేయండి. పద్దులో కనిపించిన అంకెకు సరిపడే పెట్టె ఎక్కడుందో స్టోర్‌కీపరును అడిగితే, ఆయనే దారి చూపిస్తారు.